పిల్లల కాటా, ఒక పొట్టేలు

మొన్న ఒక దవాఖానాలో పసిపిల్లల్ని తూచే కొత్త యంత్రం చూశాను. పిల్లవాణ్ణి పళ్ళెంలో పడుకోబెట్టగానే ఎర్రటి అంకెలు వెలిగాయి. తూచిన అమ్మాయి ఆ అంకె రాసుకుంది, పిల్లవాడి మొహం మాత్రం చూడలేదు. నేను పక్కన బల్ల మీద కూర్చుని నవ్వుకున్నాను. ఆ అమ్మాయిని తప్పుపట్టి కాదు. ఆ పనిలో నేను ఆమె కంటే పెద్ద ఘనుణ్ణి. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన మీకు పాఠం చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే. మీరు ఎంత ప్రయత్నించినా చేయలేని తప్పు నేను చేశాను. పిల్లల్ని తూచే కాటాకు పొట్టేలును తగిలించాను.

ఎనభైల నాటి మాట. భద్రాచలం అడవి అంచున పదకొండు గూడేల్లో ఒక పరిశోధన మొదలైంది. పిల్లలు పుట్టినప్పటి నుంచి ఐదేళ్ళు వచ్చేదాకా ఎట్లా పెరుగుతున్నారో, ఏ వయసులో ఏ జబ్బు పట్టుకుంటోందో చూడాలి. అప్పటిదాకా టీకా వేసే మనిషి వేరు, పిండి పంచే మనిషి వేరు, మందిచ్చే మనిషి వేరు. ముగ్గురూ మూడు వేరు వేరు రోజుల్లో వచ్చేవారు. ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పేవారు కాదు. మేం ఆ మూడు పనులూ ఒకే జీపులో తీసుకుపోయి, అట్లా చేస్తే పిల్లలు బాగుపడతారో లేదో లెక్క తేల్చాలి.

జీపులో నలుగురం. పట్నం నుంచి వచ్చిన పిల్లల డాక్టరమ్మ, మధిర వైపు నుంచి వచ్చిన నర్సమ్మ, మణుగూరు డ్రైవరన్న, ముదిగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన నేను. నా పని తూయడం, కొలవడం, రాయడం.

నా చదువు గురించి ఒక మాట చెప్పాలి. ఇంటర్ తప్పాను. కానీ ఖమ్మం గ్రంథాలయంలో సైన్సు బీరువా మొత్తం చదివాను. పై అర నుంచి మొదలుపెట్టి కింది అర దాకా, వరుసగా. కళ్ళద్దాలు కూడా అక్కడే సంపాదించాను. ఆ సంగతి ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే జట్టులో అందరికీ రెండేసి సార్లు చెప్పాను. నర్సమ్మ నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది. ఆ రోజు నుంచి నన్ను "బీరువా తమ్ముడూ" అని పిలవడం మొదలుపెట్టింది.

మా కాటా గడియారంలాగా గుండ్రంగా ఉండేది. పైకొక్కెం కొమ్మకు తగిలించి, కిందికొక్కేనికి గుడ్డ ఉయ్యాల కట్టి, అందులో పిల్లను కూర్చోబెడితే లోపలి స్ప్రింగు సాగి ముల్లు తిరిగేది. అంకెలు ఇరవై ఐదు కిలోల దాకా. పద్ధతి ప్రకారమైతే ప్రతిసారీ ఖాళీ ఉయ్యాల తగిలించి, పక్కనున్న మర తిప్పి, ముల్లును సున్నాకు తెచ్చి, అప్పుడు పిల్లను కూర్చోబెట్టాలి. నేను అట్లా చేసేవాణ్ణి కాదు. ఉయ్యాల బరువు రెండు వందల గ్రాములని మొదటి రోజే తూచి పెట్టుకున్నాను. ప్రతి పిల్ల తూకంలోంచి ఆ రెండు వందలూ నోటిలెక్కన తీసేసేవాణ్ణి. తల్లులు నా వేగం చూసి ఆశ్చర్యపోతున్నారని అనుకునేవాణ్ణి.

తూకం ఒట్టి అంకె కాదు. ప్రతి పిల్లకూ ఒక పెరుగుదల పటం, అందులో వయసును బట్టి ఒక ఎర్ర గీత ఉండేవి. దాని కిందికి పోయిన పిల్లకు ఇంటికి అదనపు పిండి, ప్రతి వారం డాక్టరమ్మ చూపు, అవసరమైతే భద్రాచలం దవాఖానాలో మాకోసం ఉంచిన రెండు మంచాల్లో ఒకటి. గీత పైన ఉన్న పిల్లకు టీకా వేసి, బుగ్గ గిల్లి పంపించేసేవాళ్ళం.

ఇక పొట్టేలు. ఇప్పపూల కాలం అయిపోతుండగా డాక్టరమ్మ రెండు నెలల శిక్షణకు పట్నం బయలుదేరింది. వెళ్ళే ముందు ఆమెకు విందు చేద్దామని డ్రైవరన్న సంత నుంచి ఒక పొట్టేలును జీపులో తెచ్చాడు. మేముండే క్వార్టర్ల వెనక దాన్ని చూడగానే వాదన మొదలైంది.

"ఇరవై నాలుగు కిలోలుంటది, ఒక్క గ్రాము ఎక్కువుండదు," అన్నాడు డ్రైవరన్న.

"నీ కళ్ళకు పొర కమ్మిందా? ముప్పై ఉంటుందయ్యా. ఓడినవాళ్ళు గిన్నెలన్నీ తోమాలి, సరేనా?" అంది నర్సమ్మ.

"అవ్, సరే. కని తూసుడెట్ల?"

ఇద్దరూ నా వైపు చూశారు. చూడకపోయినా నేను ఊరుకునేవాణ్ణి కాదు. స్ప్రింగు సంగతి బీరువా మూడో అరలో చదివాను. బరువు ఎంతైతే స్ప్రింగు అంత సాగుతుంది. రెట్టింపు బరువైతే రెట్టింపు సాగుతుంది. అంకెలు ఇరవై ఐదుతో ఆగినా స్ప్రింగు ఆగదు, మిగతాది మనం లెక్క కట్టుకోవచ్చు. ఇదంతా వాళ్ళకు చేతులు తిప్పుతూ చెప్పాను. ఆ పుస్తకంలో తర్వాతి పేజీ ఎవరో చింపుకుపోయారు. అందులో ఏముందో నేనెన్నడూ ఆలోచించలేదు. ఆ చింపిన పేజీలో ఉన్నది ఒకటే సంగతి అని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. స్ప్రింగు కొంత దాకే అట్లా సాగుతుంది, ఆ హద్దు దాటిస్తే మళ్ళీ మామూలుకు రాదు.

పొట్టేలు కాళ్ళు కట్టి తగిలించాం. ముల్లు గిర్రున ఒక చుట్టు తిరిగి, సున్నా దాటి, నాలుగు దగ్గర ఊగుతూ నిలబడింది.

"ఇరవై ఐదూ నాలుగూ, ఇరవై తొమ్మిది!" అని ప్రకటించాను. పొట్టేలు గాలిలోనే నన్నొక తన్ను తన్నబోయింది. ఇద్దరి అంకే రాలేదు గనుక పందెం తేలక, గిన్నెలు చివరికి నేనే తోమాను. విందు బ్రహ్మాండంగా జరిగింది. డాక్టరమ్మ కార్జం రెండోసారి అడిగి మరీ వేయించుకుంది.

ఆ తర్వాతి నెల డాక్టరమ్మ లేకుండా మేం ముగ్గురమే గూడేలకు పోయాం. అద్భుతం జరిగింది. ప్రతి పిల్లా కిలో పైన పెరిగింది. ఎర్ర గీత కిందున్న పిల్లలంతా వరుసగా పైకి లేచారు. వేరే ఎవరైనా అయితే అనుమానపడేవారు. నేను సిద్ధాంతం కట్టాను. ఎండాకాలంలో అడవి బిడ్డలు ఇప్పపూలు, తునికి పళ్ళు, మామిడి పళ్ళు తింటారు గనుక బరువెక్కుతారని మూడు పేజీల వ్యాసం రాసి, డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. పైన శీర్షిక కింద రెండు గీతలు కొట్టాను. అదనపు పిండి జాబితాలోంచి పేర్లు కొట్టేయడానికి ఎర్ర సిరా వాడాను.

పర్ణశాల దారిలోని గూడెంలో మాత్రం ఒక ముసలమ్మ ఒప్పుకోలేదు. ఆమె కూతురు కూలికి పోతే, రెండేళ్ళ మనుమరాలిని ఈమే సాకేది. ఆ పిల్ల ఉయ్యాలలో కూర్చోబెడితే ఏడ్చేది కాదు, కదిలేది కాదు. మంచి పిల్ల అని నేను మెచ్చుకునేవాణ్ణి. అంతకు ముందు నెల ఏడు కిలోల ఆరు వందలు. ఎర్ర గీత ఆమె వయసుకు ఏడుంబావు. ఇప్పుడు ఎనిమిది కిలోల రెండు వందలు.

"పెరిగింది అవ్వా," అన్నాను.

"ఏంది పెరిగేది? పిల్ల తగ్గింది. దినాము ఎత్తుకునేది నేనా, నువ్వా?"

"నీ చేతులకు అలవాటైంది అవ్వా, అందుకే తేలిగ్గా అనిపిస్తోంది. దీన్ని మనసు చేసే మోసం అంటారు. పుస్తకంలో ఉంది."

"పుస్తకంల నా మనుమరాలు సుత ఉన్నదా?"

గూడెం ఆడవాళ్ళు నవ్వారు. నేను పటం తెరిచి, పైకి పోయే గీతను వేలితో చూపించాను. నర్సమ్మ పిల్ల కళ్ళ కింది రెప్ప లాగి చూసి, "తమ్ముడూ, పిల్ల వాడినట్టుగా ఉందే," అంది. "కన్ను పొరబడుతుంది అక్కా, అంకె పొరబడదు," అన్నాను. ఆ వాక్యం నాకే ఎంతగానో నచ్చి, సాయంత్రం నోటు పుస్తకంలో రాసుకున్నాను.

డాక్టరమ్మ తిరిగొచ్చిన మరునాడే నా వ్యాసం చదివింది. "అందరూ కిలో పెరిగారా? అందరూనా?" అని మాత్రం అడిగింది. తొలకరి పడ్డాక, నెల తూకాలకు తానూ జీపెక్కింది. మొదట పర్ణశాల దారిలోని గూడెమే. ఆమె బడి వరండాలో రోగుల్ని చూస్తూ కూర్చుంది. నేను కాస్త దూరంలో ఇప్పచెట్టు కొమ్మకు కాటా తగిలించాను.

ముసలమ్మ మనుమరాలితో అందరికంటే ముందు వచ్చింది. తూచాను. సరిగ్గా ఎనిమిది.

"ఎనిమిది అవ్వా. రెండు వందల గ్రాములే తగ్గింది. గీత ఇంకా చాలా కిందుంది. భయం లేదు."

"భద్రాచలం తీస్కపోరా?"

"గీత దిగితేనే మంచం ఇస్తారు. నీ పిల్లకంటే బక్కవాళ్ళకు కావాలి గదా."

ఆమె పిల్లను నర్సమ్మ చేతికిచ్చింది. కొంగు మూట విప్పి, గుండ్రటి నల్లరాయి ఒకటి బయటికి తీసింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"బెదరకు సారూ, నిన్ను కొట్టెటందుకు గాదు. సంతల చింతపండు అమ్మబోతే షావుకారి కాటాను ముందుగాల దీంతోని చూస్త. రెండు కిలోలు. నాలుగు సంతల తిప్పిన, నాలుగింట్ల గంతే. దీన్ని తూకు."

తూచకపోతే భయపడ్డానంటారు. రాయిని ఉయ్యాలలో వేశాను. ముల్లు మూడు దాటి, మూడు వందల దగ్గర నిలబడింది.

"ఉయ్యాల బరువు కూడా కలుస్తుంది అవ్వా," అన్నాను.

"గా గుడ్డ కిలో ఉంటదా? రాయి తియ్యి. గుడ్డ సుత తియ్యి. ఒట్టి కాటా చూపియ్యి."

తీశాను. కింద గాలి తప్ప ఏమీ లేదు. ముల్లు ఒక కిలో వంద గ్రాముల దగ్గర హాయిగా నిలబడి ఉంది.

రెండు నెలలుగా అది అక్కడే నిలబడి ఉంది. పొట్టేలు దిగిపోయినా దాని బరువులో కొంత కాటాలోనే ఉండిపోయింది. ఖాళీ ముల్లును నేను ఒక్కసారి కూడా చూడలేదు.

"చింతపండు కొనెటోడు సుత ముందు ఒట్టి కాటా చూపిస్తడు," అంది ముసలమ్మ. "గాలి కిలో వంద తూగినంక, నా పిల్ల ఎంత?"

నోటిలెక్క నాకు వెంటనే వచ్చింది. ఎనిమిదిలోంచి కిలో వంద పోతే ఆరు కిలోల తొమ్మిది వందలు. గీత కిందికి పోయి నెల దాటింది. నేను పెరిగిందని చెప్పిన రోజునే పోయింది.

డ్రైవరన్న నా చెవి దగ్గరికి వంగాడు. "మర ఒక్క తిప్పు తిప్పు మాస్టారూ. ముల్లు సున్నాకొస్తది. మేడం చూడలే. పిల్లను ఇంకేదన్న సాకు చెప్పి బండి ఎక్కిద్దాం."

నిజం చెప్పాలంటే నా చేయి మర దాకా పోయింది. ఒక్క తిప్పు. మూడు పేజీల వ్యాసం బతుకుతుంది. వచ్చే నెల అందరూ కిలో తగ్గితే దానికి వానాకాలపు సిద్ధాంతం ఒకటి కట్టవచ్చు. ఆ శీర్షిక కూడా అప్పటికే మనసులో మెదిలింది.

"రాయి తప్పేమో అవ్వా," అని గొణిగాను.

ముసలమ్మ నా మొహం చూసింది. పిల్లను నర్సమ్మ దగ్గర్నుంచి తీసుకుని, జీపు ముందు చక్రానికి ఆనుకుని బురదలో కూర్చుంది.

"నా పిల్ల ఎక్కకుంటే ఈ బండి కదలది. నా మీదికెళ్ళి పోనియ్యి."

నర్సమ్మ నాకు మాత్రమే వినపడేట్టు అంది. "బీరువా తమ్ముడూ, పోయి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా? నేను చెబితే ఇంకా బాగా చెబుతాను."

వరండా దాకా ఇరవై అడుగులుంటాయి. నా ఉద్యోగంలో అంత పొడుగు నడక ఇంకోటి లేదు. నర్సమ్మా, డ్రైవరన్నా నా వెనకే వచ్చారు. డాక్టరమ్మ ఎవరి గుండెనో వింటోంది.

"మేడం, కాటా చెడిపోయింది."

"ఎప్పుడు?"

"మీరు పట్నం పోయే ముందు రోజు."

"ఎట్లా?"

"బరువెక్కువై."

"ఇరవై ఐదు కిలోలు దాటిన పసిపిల్ల ఎక్కడ దొరికింది మీకు?"

"పిల్ల కాదు మేడం. పొట్టేలు."

ఆమె చెవుల్లోంచి గొట్టాలు తీసింది. "ఏ పొట్టేలు?"

నేను నేల చూశాను. నర్సమ్మ ఆకాశం చూసింది. డ్రైవరన్నే ధైర్యం చేశాడు.

"మీరు కార్జం ఇంకింత వెయ్యమన్నరు గద మేడం. గదే."

డాక్టరమ్మ పెదవి ఒక పక్కకు వంకర తిరిగింది. నవ్వాపుకుందో, కోపం ఆపుకుందో ఇప్పటికీ చెప్పలేను. మరుక్షణం లేచి జీపు దగ్గరికి నడిచింది. చీర బురదైనా చూసుకోకుండా ముసలమ్మ పక్కన కూర్చుని, పిల్ల వీపు మీద చాలాసేపు విన్నది. మెడ పక్కన వేళ్ళతో తడిమింది. అక్కడ గింజల్లాంటి గడ్డలున్నాయి. నెలనెలా రెండు చేతులా పిల్లను పట్టుకుని తూచిన నాకు అవి తగలలేదు.

"దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

"ఇప్పపూలు ఏరేటప్పటి సంది," అంది ముసలమ్మ.

డాక్టరమ్మ నా రిజిస్టరు అడిగింది. దగ్గు గడి ఖాళీగా ఉంది. ఆ గడి ఎర్ర గీత కిందున్న పిల్లలకే నింపేవాణ్ణి. అంకె బాగున్న పిల్లను దగ్గు సంగతి ఎందుకడగాలి?

ఆమె రిజిస్టరు నా చేతిలో పెట్టి, "రాయండి. కాటా చెడిపోవడానికి కారణం: పొట్టేలును తూచడం. బాధ్యులు: దాన్ని తిన్న నలుగురు," అంది. రాశాను. కింద తానే మొదట సంతకం పెట్టింది. తర్వాత ముసలమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, తాను వెనక మందుల పెట్టెల మధ్య ఇరుక్కుని భద్రాచలం పోయింది. డ్రైవరన్న బండి తోలాడు. చోటు చాలక నేనూ నర్సమ్మా క్వార్టర్ల దాకా నడిచాం. తొమ్మిది మైళ్ళు. దారి పొడుగునా ఆమె మాట్లాడలేదు. నాకు ఆమె వేసిన అతి పెద్ద శిక్ష అదే.

పిల్లకు క్షయ. అప్పుడే ఊపిరితిత్తుల్లో మొదలవుతోంది. ఇంకో రెండు నెలలు నా అంకెను నమ్మి ఉంటే మెదడు దాకా పోయేదని డాక్టరమ్మ చెప్పింది. అట్లా చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు. నేను కూడా ఎటూ చూడలేకపోయాను.

ఖమ్మం నుంచి కొత్త కాటా వచ్చింది. పదకొండు గూడేల్లో పిల్లలందర్నీ మళ్ళీ తూయాలి. వాన, బురద, వాగులు. అంతకంటే కష్టం ఇంకోటి. "మళ్ళ ఎందుకు తూస్తున్నరు?" అని ప్రతి గూడెంలో అడిగేవారు. నర్సమ్మ నోరు తెరిచేది కాదు. నావైపు చెయ్యి చూపేది. నేను చెప్పేవాణ్ణి. మూడో గూడేనికి వచ్చేసరికి కథ మాకంటే ముందే పోయింది. నన్ను చూడగానే పిల్లలు "మే... మే..." అని అరిచారు. ఆఖరి గూడెంలో కాటా తగిలించే కొమ్మ కింద ఒక మేకను కట్టేసి ఉంచారు. "ముందు దీని సంగతి చూడుండ్రి సారూ, ఇది సుత చిక్కింది," అని ఒక పెద్దమనిషి బహు మర్యాదగా అన్నాడు. మునుపు పిల్లల్ని తెమ్మంటే అడవిలోకి పారిపోయే గూడెం అది. ఆ రోజు మాత్రం ఒక్క ఇల్లు తప్పకుండా వచ్చారు. నవ్వుకోవడానికైనా సరే, వచ్చారు. నేను కొట్టేసిన పేర్లన్నీ మళ్ళీ రాశాను.

ఆ రెండు నెలల తూకాలు పరిశోధనలోంచి తీసేశారు. పెద్ద డాక్టర్లు కూర్చున్న సభలో కారణం అడిగితే, డాక్టరమ్మ రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు చదివింది. వాళ్ళు నవ్వి నవ్వి నీళ్ళు తాగారు. నా ఉద్యోగం పోలేదు. ఎందుకు పోలేదని ఎన్నోసార్లు ఆలోచించాను. ఒప్పుకున్నందుకు కాదనుకుంటాను. ఇంత అనుభవం ఉన్నవాడు మళ్ళీ దొరకడని కావచ్చు.

వానలు వెనకబట్టాక ముసలమ్మ, మనుమరాలు గూడేనికి తిరిగొచ్చారు. మందు ఇంకా చాలా నెలలు వాడాలి. జీపు దిగేసరికి గూడెం అంతా చుట్టూ మూగింది. డాక్టరమ్మ తూయమంది. నేను కాటా తగిలించాను. ఖాళీ ముల్లు చూశాను. అందరికీ చూపించాను. ఉయ్యాల తగిలించి, మర తిప్పి, మళ్ళీ చూపించాను. అప్పుడు పిల్లను ఎత్తుకోవడానికి వంగాను.

పిల్ల నన్ను గుర్తుపట్టింది. గుర్తుపట్టి, కెవ్వుమని అరిచి, కాలు ముడిచి, చాచి తన్నింది. నా కళ్ళద్దాలు ఎగిరి బురదలో పడ్డాయి. గూడెం గొల్లుమంది. నర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ముందు ఆ తన్ను రాసుకోండి. బరువు తర్వాత," అంది డాక్టరమ్మ.

నేను బురదలో చేతులు పెట్టి అద్దాలు వెతుక్కుంటున్నాను. ముసలమ్మ పిల్లను ఇంకొంచెం నా దగ్గరికి జరిపింది.

"లేచి నిలబడు సారూ," అంది. "ఇంకో కాలు సుత ఉన్నది."